డాడీ పండుకున్నడు

కళ్ళ మీద తువ్వాలు కప్పుకుని చాప మీద వెల్లకిలా పడుకున్న డానియేలుకు నిద్ర పట్టలేదన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు. తెలియకూడదు కూడా. పొద్దున తొమ్మిదింటికి నడుం వాల్చాడు, ఇప్పుడు రెండో రెండున్నరో అయివుంటుంది, కింద ఇంటి ఓనరు ఖదీజా ఆపా వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా సద్దుమణిగింది, నెత్తి మీద రేకులు ఎండకు టిక్కుటిక్కుమంటున్నాయి, ఫ్యాను పైనున్న వేడినంతా తోడి కిందికి పోస్తోంది, తువ్వాలు కింద తన ఊపిరి తనకే ఉడుకు ఆవిరిలా తగులుతోంది. మధ్యలో కాస్త కునుకు పట్టిందేమో, పట్టలేదేమో, చెప్పలేడు. సాయంత్రం ఆరింటికల్లా మళ్ళీ గేటు దగ్గర ఉండాలి. ఆరు నుంచి ఆరు, పన్నెండు గంటలు, కంచన్‌బాగ్ దాటాక ఒక గోదాము, ఒక ప్లాస్టిక్ కుర్చీ, గంట గంటకూ తన మొహాన్ని తానే ఫోటో తీసి ఏజెన్సీ వాళ్ళకు పంపాలి, ఆ ఫోటోలో కళ్ళు తెరిచి ఉండాలి. పండుకో డానియేలూ, పండుకో, అనుకున్నాడు. నాలుగు దాకా టైముంది, గంట పట్టినా గంటే. అనుకున్నకొద్దీ నిద్ర, పిలిస్తే ఇంకో గోడెక్కి కూర్చునే గల్లీ పిల్లిలాగా, దూరం జరిగింది.

గది ఇటు పది అడుగులు, అటు పది అడుగులు. అందులో అతను కాక ఇంకా ముగ్గురున్నారు. ఉన్నట్టు ఎక్కడా అలికిడి లేదు, ఆ లేకపోవడమే అతని చెవులను నిద్రపోనివ్వడం లేదు. గుమ్మం దగ్గర వెలుతురులో అతని భార్య సువార్త కూర్చుని ఉంటుంది, ముందర స్టీలు పళ్ళెం, పళ్ళెంలో లక్క గాజులు, పుల్ల మొనతో ఒక్కొక్క అద్దపు రాయిని గమ్ములో తాకించి గాజుకు అంటిస్తుంటుంది. చప్పుడు లేని పని. తన చేతి గాజులు మాత్రం పొద్దున్నే తీసి మేకుకు తగిలిస్తుంది, గలగలమంటాయని. ఆమెకు ఇటువైపు మున్నీ, తొమ్మిదేళ్ళది, దాని పక్కన జోయెల్, వాడికి ఆరు నిండలేదు. ఇద్దరూ టీవీ చూస్తున్నారు. టీవీ నడవడం లేదు. రెండు వారాల కిందట రీచార్జి అయిపోతే మళ్ళీ చేయించలేదు. అంతకుముందు గొంతు నొక్కేసిన టీవీ చూసేవాళ్ళు, ఇప్పుడు నల్లటి అద్దం ముందు కూర్చుంటారు, అందులో ఏమొస్తున్నదో మున్నీ చెబుతుంది, జోయెల్ చూస్తాడు.

"ఇప్పుడు ఏనుగొచ్చింది," మున్నీ గుసగుసలాడింది.

"ఎంత పెద్దగున్నది?"

"మెల్లగ మాట్లాడు. మన ఇల్లంత."

"మన ఇల్లు చిన్నగనే ఉన్నది గదక్కా."

"అయితే ఆపా ఇల్లంత. చూడు, తొండంతోని నీళ్ళు తాగుతున్నది."

నిజంగానే చూస్తున్నట్టున్నాడు. తర్వాత, "బోర్ కొడ్తున్నది. వేరే చానల్ పెట్టు," అన్నాడు. మున్నీ ఏం నొక్కిందో గాని ఏనుగు పోయింది, గుర్రం మీద పెండ్లికొడుకు వచ్చాడు. తువ్వాలు కింద డానియేలుకు నవ్వొచ్చింది. పొట్ట బిగబట్టి ఆపుకున్నాడు. నవ్వు దగ్గులా మారబోతే అదీ మింగాడు, దగ్గితే లేచినట్టవుతుంది.

బడి ఉన్నన్నాళ్ళూ ఈ కష్టం లేదు. వాళ్ళు సంచులు తగిలించుకుని మెట్లు దిగుతుంటే అతను ఎక్కేవాడు, వాళ్ళు వచ్చేసరికి లేచి స్నానం చేసేవాడు, ఒక్క గదినే పగటికి ఒకరు రాత్రికి ఒకరు పంచుకున్నట్టు. ఏప్రిల్ చివర సెలవులిచ్చారు, జూన్ పన్నెండు దాకా. పిల్లలు సంచులు మూలకు విసిరి గంతులేస్తుంటే తనూ సువార్తా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయటికి పంపుదామంటే జహనుమా గల్లీల్లో పగలు పన్నెండు దాటితే కుక్క కూడా నీడ వదలదు, ఉన్న నీడంతా బండ్లు నిలబెట్టి ఉంటాయి, పోయినేడు పిల్లలు ఆడుకున్న ఖాళీ జాగాలో ఇప్పుడు పునాది గుంతలు. ఒక్కరోజు పంపితే మున్నీ వాంతులు చేసుకుంటూ వచ్చింది, దవాఖానలో సెలైన్ ఎక్కించారు, ఆ ఒక్క పూట ఆట ఆ నెల పాలడబ్బులను మింగింది. ఫోనిద్దామంటే ఆ ఫోనే అతని నౌకరీ, దాని బ్యాటరీ ముసలిదైంది, పగలు పిల్లలు బొమ్మలు చూస్తే అర్ధరాత్రికే ఆరిపోతుంది, ఫోటో పోకపోతే ఆ గంట మనిషి లేనట్టే. క్యారమ్ బోర్డు కొందామా అన్నాడు ఒకసారి. టకటకమంటది గద, అంది సువార్త. పోనీ బంతి. దబదబమంటది. అప్పుడు తెలిసింది, బజార్లో పిల్లల సామాన్లంటే సగం చప్పుడేనని, చప్పుడు లేనివన్నీ ఖరీదైనవని. ఇక ఆమే మొదలుపెట్టింది. విరిగిన అద్దపు రాళ్ళు ఏరి ఇచ్చి నేల మీద ముగ్గు పేర్చమంది. పాత చీర దారం వేళ్ళ మధ్య చిక్కులు వేసి విప్పమంది. చీమల బారుకు ఒక చక్కెర పలుకు పెట్టి ఎటు తీసుకుపోతాయో చూడమంది, ఆ ఒక్క పలుకుతో ఒక మధ్యాహ్నం గడిచింది. చీమలు చప్పుడు చెయ్యవు. సెలవుల్లో ఇంకా ఎన్ని మధ్యాహ్నాలున్నాయి? ఇరవై? ఇరవై రెండు? వద్దు, లెక్క మొదలుపెడితే ఉన్న కాస్త మత్తు కూడా పోతుంది.

జూ పార్కు అని ఎందుకు నోరు జారాడో. కింద గల్లీలో పింటూ వాళ్ళు నీళ్ళ పార్కుకు పోయొచ్చి, పెద్ద పెద్ద గొట్టాల్లోంచి ఎట్లా జారిందీ మెట్ల మీద కూర్చుని చేతులు తిప్పి తిప్పి చెప్పి పోయారు, దానికి విరుగుడుగా ఏదో ఒకటి అనాలి గదా, అన్నాడు. ఆదివారం సెలవు అడిగితే ఏజెన్సీ వాడు సోమవారం ఇచ్చాడు. ఇచ్చిందే పది వేలనుకుని పిల్లల బట్టలు ఇస్త్రీ చేయించి, సువార్త పులిహోర కట్టుకుని, ఆడవాళ్ళకు బస్సు ఉచితం గనక టికెట్ తన ఒక్కడికే, జోయెల్ ఒళ్ళో కూర్చుని దారి పొడవునా పులి గోర్లు ఎంత పొడుగుంటాయని అడుగుతూనే ఉన్నాడు, బహదూర్‌పురాలో దిగి పోతే గేటు మూసి ఉంది. సోమవారం జూకు సెలవట. ఈ ఊళ్ళో పుట్టి ఈ ఊళ్ళోనే ముప్పై ఆరేళ్ళున్నవాడికి ఆ సంగతి తెలియలేదు, ఎన్నడు పోయాడు గనక. గేటు కాపలావాడు, తనలాంటి యూనిఫాం తొడుక్కున్న మనిషే, రేపు రాండ్రి అన్నా, అన్నాడు పాపం మెత్తగానే. పులికి గూడ సెలవుంటదా డాడీ, అన్నాడు జోయెల్. ఉంటది బేటా. మరి నీకెందుకుండది? వాడు నిష్టూరంగా అడగలేదు, తెలుసుకుందామని అడిగాడు. ఎదురుగా ఫుట్‌పాత్ మీద కూర్చుని పులిహోర తిన్నారు. లోపల్నుంచి ఏదో అరిచింది, నెమలి అంది మున్నీ, కాదు సింహం అన్నాడు వాడు, ఇప్పటికీ ఇద్దరూ జూ చూసొచ్చామనే చెప్పుకుంటారు. మళ్ళొక వారం తీస్కపోత, అన్నాడు తను.

ఆ మళ్ళొక వారమే ఫోటో సంగతి జరిగింది. డ్యూటీ మార్చుకునే మనిషి రాక వరసగా రెండు షిఫ్టులు నిలబడ్డాడు, తెల్లవారుతుండగా కుర్చీలో మెడ వాలిపోయింది. సూపర్‌వైజర్ వచ్చి లేపలేదు, ముందు ఫోటో తీశాడు. నోరు తెరుచుకుని, టోపీ ఒళ్ళో పడి, చొంగ కూడా ఉన్నదేమో. అందరూ ఉండే గ్రూపులో పెట్టి కింద రాశాడు, ఇంకొక్కసారి పండితే ఇగ ఇంటికాడనే పండుకో అని. ఎవరెవరో నవ్వే బొమ్మలు పెట్టారు. ఇంటికొచ్చాక ఆ ఫోటో మున్నీ కంటబడింది. చాలాసేపు చూసింది. పిల్ల ఏమంటుందోనని అతను చొక్కా గుండీలు విప్పుతూ ఆగిపోయాడు. మంచిగనే ఉన్నవ్ డాడీ ఫోటోల, అని ఫోను బోర్లా పెట్టింది. మరునాటి నుంచీ గదికి పోలీసు అదే. జోయెల్ తుమ్మబోతే ముక్కు పట్టుకునేది అదే, గిన్నెల మూతల కింద గుడ్డపేలికలు పెట్టింది అదే, తలుపు గొళ్ళేనికి కొబ్బరినూనె పూసింది అదే. గోదాముకు తను కాపలా, తన నిద్రకు అది. ఆ నిద్రేమో ఆ రోజే పోయింది. కన్ను మూతపడుతుందనగా ఎవడో ఫోను ఎత్తి పట్టుకుని మీదికి వంగినట్టనిపించి గుండె ఝల్లుమంటుంది, ఇల్లని తెలుసు, చాప అని తెలుసు, అయినా. ఇవ్వాళ్టికి ఎన్ని రోజులైంది, పదకొండు. ఎవరికి చెబుతాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టుకుని తనకు ఇస్తున్న నిద్ర తనకు చేరడం లేదని ఏ నోటితో చెబుతాడు.

తన చిన్నప్పుడు శాలిబండలో తమ ఇల్లు ఇంతకన్నా చిన్నది. ఐదుగురు పిల్లలు, బాపు గోడలకు సున్నం వేసేవాడు, అమ్మ కొమురమ్మ నాలుగిళ్ళలో బాసాన్లు తోమేది. సెలవులొస్తే పిల్లలను ఎట్లా ఆడించాలని ఆమె ఒక్క నిమిషమైనా ఆలోచించి ఉండదు, పొద్దున్నే మెడబట్టి గల్లీలోకి నూకేది, ఆకలైతేనే రాండ్రి, అనేది. నూనె డబ్బాల మీద కట్టెపుల్లలతో మర్ఫా దరువు వాయించేవాళ్ళు. బారాత్ ఎవరిదో తెలియదు, పిలిచినవాళ్ళు లేరు, అయినా ముందుండి ఎగిరేది తమ గుంపే, పెండ్లికొడుకు తాలూకు ఎవరో ఒకాయన నవ్వుతూ చాక్లెట్లు విసిరేవాడు, ఏరుకునేటప్పుడు ఇంకింత లొల్లి. పీర్లు లేచినా, గణపతి పోయినా, క్రిస్మస్ ముందర చర్చి పాటల బండి వచ్చినా, ఎవరి పండుగైతేనేం, చప్పుడున్న చోట తామున్నారు. చప్పుడు ముఫత్. వాళ్ళింట్లో పైసా పెట్టి కొనక్కర్లేనిది అదొక్కటే, అది మస్తుగా ఉండేది. ఏం బొబ్బరా మీ నోర్లు పడిపోను, అని తిడుతూ తిడుతూనే అమ్మకు నవ్వొచ్చేది. బాపు పగలంతా నిచ్చెనెక్కి రాత్రి ఆ గోలలోనే గుర్రు పెట్టేవాడు, ఎంత గోలైతే అంత గట్టిగా. తనకు ఆ నిద్రైనా వారసత్వంగా రాలేదు. తన పిల్లలకు ఆ చప్పుడైనా తను...

కింద గేటు ఊచ మీద టింగ్ టింగ్ అని ఉంగరం కొట్టిన చప్పుడైంది. నల్లా వచ్చిందని ఖదీజా ఆపా సైగ. మామూలుగానైతే ఆమె గొంతు మూడు గల్లీలకు వినబడుతుంది, ఈ సెలవుల్లో ఉంగరంతో పిలవడం నేర్చుకుంది. సువార్త లేచింది, మోకాళ్ళు పటపటమన్నాయి, అది మాత్రం ఆమె ఆపలేకపోయింది.

"నీళ్ళు పట్కొని వస్త. సప్పుడు జేసిన్రంటే చూడుండ్రి," అంది వాళ్ళ చెవుల్లో చెప్పినట్టు. "ఇయ్యాల్టితోని తొమ్మిది గీతలైతయి. ఇంకొక్కటే."

"పదైతే కప్పు ఐస్‌క్రీమే గద? పుల్లది కాదు గద?"

"కప్పుదే. ఇద్దరికి రెండు."

తలుపు వెనక సుద్దగీతలు డానియేలు ఇంతకుముందే చూశాడు, ఏదో ఆటలో పిల్లలు వేసుకున్న లెక్క అనుకున్నాడు. ఆట ఇదన్నమాట. తను లేవని రోజులు. అంటే ఈ తొమ్మిది రోజులూ తను మేలుకునే ఉండి ఒక్కసారి కూడా దొరకలేదు. దేవుడా, ఏం పనిమంతుడివి డానియేలూ.

సువార్త బిందెలు పట్టుకుని దిగిపోయింది. గదిలో కాసేపు కాగితం మడతపెడుతున్న చప్పుడు, పాత లెక్కల నోటుబుక్కు అయివుంటుంది, మున్నీ పడవ చేస్తోంది. నీళ్ళేవక్కా, అన్నాడు జోయెల్. నీళ్ళతోని ఆడొద్దు, తాగెటందుకే ఉండయి. మరి పడవ ఎట్ల పోతది? తర్వాత పాదాల అలికిడి దగ్గరికి వచ్చింది, చిన్న వేడి ఊపిరి అతని చేతి మీద తగిలింది. "అక్కా, చూడు. డాడీ కడుపు పైకి కిందికి అయితున్నది." వద్దురా, లేస్తడు, అంది మున్నీ. ఒక్కసారే. వద్దన్ననా. ఒక్కటే ఒక్కసారక్కా. ఆ తర్వాత బనియన్ మీద, బొడ్డుకు కాస్త పైన, ఉందో లేదో తెలియనంత తేలికగా ఏదో వచ్చి నిలిచింది.

అతను భయంతో ఊపిరి ఆపేశాడు.

"ఆగిపోయింది," అన్నాడు జోయెల్. "అక్కా, డాడీ ఊపిరి ఆగిపోయింది!" వాడి గొంతు వణికింది, అయినా గుసగుస దాటలేదు, అంత భయంలో కూడా దాటలేదు. మున్నీ వేళ్ళు తువ్వాలు అంచు కింద దూరి ముక్కు దగ్గరికి వచ్చాయి, వేళ్ళకు గమ్ము వాసన. అతను గబుక్కున ఊపిరి వదిలాడు. వస్తున్నది, వస్తున్నది, అని ఆ పిల్ల తన ఊపిరి కూడా వదిలింది. పడవ లేచింది, దిగింది. మళ్ళీ లేచింది. ఇంతేగా, అనిపించింది అతనికి, ఇది తను ఇవ్వగలడు, దీనికి గేటు లేదు, సోమవారం లేదు. ఊపిరి కొంచెం లోతుగా పీల్చాడు. "పెద్ద అల వచ్చింది!" అన్నాడు వాడు. ఇంకొంచెం లోతుగా. పడవ ఒరిగి నిలదొక్కుకుంది. ఒక చిన్న గురక కలిపాడు, ఓడ కూత అనుకున్నారు కాబోలు, ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డ అలికిడి. సముద్రం వాళ్ళు చూడలేదు, అతనూ చూడలేదు, గదిలో ముగ్గురికీ సముద్రమంటే ఇదే. తువ్వాలు నేతలోంచి, కళ్ళు కొద్దిగా తెరిచి చూశాడు. జోయెల్ నవ్వుతున్నాడు. నోరు బారెడు తెరుచుకుంది, ఊడిన పన్ను సందు కనబడుతోంది, భుజాలు అదురుతున్నాయి, కళ్ళలో నీళ్ళు, గొంతులోంచి మాత్రం ఏమీ లేదు. గాలి కూడా లేదు. పోయిన ఆదివారం చర్చిలో పిల్లలతో పాటలు పాడించే అమ్మాయి సువార్తను ఆపి అడిగిందట, జోయెల్ పాట మొత్తం నోరు కదుపుతున్నడక్కా, సప్పుడు వస్తలేదు, గొంతు నొస్తున్నదా అని. సిగ్గుపడుతున్నడేమో అని చెప్పిన, అంది సువార్త. సిగ్గు కాదు, వాడికి నవ్వంటే ఇట్లానే అని, పాటంటే ఇట్లానే అని తెలిసిపోయింది. ఆ గొంతులోంచి ఒక్క చప్పుడు బయటికి లాగాలనిపించింది డానియేలుకు, లోపల ఉన్నదో లేదో చూడాలనిపించింది, ఏమైతే కానీ అని రొమ్ము నిండా గాలి పీల్చి పొట్టను కొండలా పైకెత్తాడు.

పడవ ఎగిరి పక్కకు పడింది. పట్టుకోబోయి జోయెల్ దూకాడు. వాడి మోకాలు గాజుల పళ్ళేనికి తగిలింది.

స్టీలు పళ్ళెం గోడకు కొట్టుకుని, అంచు మీద నిలబడి, గిరగిరా తిరిగి తిరిగి మోగింది, ఎంతసేపు మోగిందో, ఆ గది ఈ సెలవుల్లో వినని చప్పుడంతా ఒక్కసారే విన్నది. రాళ్ళు చినుకుల్లా చెల్లాచెదురైనాయి. లక్క గాజులు పటుక్కుమన్నాయి. తర్వాత ఏమీ లేదు. ఇద్దరూ కొయ్యబారి తనవైపే చూస్తున్నారని కళ్ళు తెరవకుండానే తెలిసింది. ఈ చప్పుడుకు చచ్చినవాడైనా లేస్తాడు, లేవాలి, ఇప్పుడు లేవకపోతే నమ్మరు. లేస్తే గీత పోతుంది. లేస్తే తప్పు వాడిదవుతుంది, వాడి పేరు మీద రాసి ఉంటుంది, ఆ రోజు నువ్వు పళ్ళెం తన్ని డాడీని లేపినవ్ అని, ఎప్పటికీ. డానియేలు నిద్రలో మూలిగినట్టు మూలిగి, గోడవైపు ఒత్తిగిల్లి, మళ్ళీ గురక మొదలుపెట్టాడు.

"లేవలే," అంది మున్నీ, నమ్మలేనట్టు.

మెట్ల మీద సువార్త చెప్పుల్లేని కాళ్ళు పరుగున వచ్చాయి. గుమ్మంలో ఆగాయి. విరిగిన గాజులు ఎన్నో అతనికి కనబడలేదు, తువ్వాలు సందులోంచి, గోడకు సున్నం పొక్కిన చోట ఒక చీమ మాత్రం కనబడుతోంది, సువార్త ఊపిరి మాత్రం వినబడుతోంది. "ఏం జేసిన్రు?" అంది, పళ్ళ సందునుంచి. "రేపటికియ్యాలె గద గివి. గాజుల దుకాణం బాబూమియాకు ఏం ముఖం పెట్టుకొని చెప్పాలె? నీకు కాళ్ళు కుదురుగుండవురా?" దెబ్బ పడుతుందని డానియేలు వీపు బిగుసుకుంది. దెబ్బ పడలేదు. కొడితే చప్పుడవుతుందని ఆమె గిచ్చింది. గిచ్చినట్టు ఎట్లా తెలిసిందంటే, జోయెల్ ఊపిరి ఒక్కసారి లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు, తర్వాత ముక్కలు ముక్కలుగా వచ్చింది, ఎవరిదో అరచెయ్యి దానికి అడ్డం పడింది. "ఏడ్వకురా, డాడీ లేస్తడు," అంటోంది మున్నీ, అది కూడా ఏడుస్తూనే అంటోంది, "అయిపాయె, ఊకో, డాడీ లేస్తడు."

నేను లేచే ఉన్న. మూడు ముక్కలు. వాడు కాదు సువార్తా, అల నాది, ఊపింది నేను. నాలుక మీదిదాకా వచ్చింది. అటు తిరగడమే తరువాయి, తువ్వాలు తీసి లేచి కూర్చుంటే అయిపోయె, వాణ్ణి దగ్గరికి తీసుకుని గిచ్చిన చోట ఊదొచ్చు. అప్పుడు సువార్త ఏమంటుంది? ఏమీ అనదు. ఎన్ని రోజుల సంది, అని ఒక్క మాట అడుగుతుంది. దానికి జవాబు చెబితే ఆ తొమ్మిది గీతలు ఏమవుతాయి, చీమలతో గడిపిన మధ్యాహ్నం ఏమవుతుంది, మేకుకు వేలాడుతున్న ఆమె గాజులు ఏమవుతాయి. ఇంకా ఈ రాత్రి గేటు దగ్గర ఎట్లా నిలబడతావని ఆమెకు భయం మొదలవుతుంది, ఆ భయంతో ఆమె కూడా నిద్రపోదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు, మూడనగానే తిరగాలని. మూడన్నాడు. తిరగలేదు. మళ్ళీ ఒకటి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. వెనక చీర చెంగు కదిలింది, సువార్త వాణ్ణి ఒళ్ళోకి లాక్కున్నట్టుంది, ఇక ఆమె ముక్కు ఎగబీల్చడం, నేల మీద గోళ్ళతో ఒక్కొక్క రాయే ఏరుకోవడం. మున్నీ కూడా ఏరుతోంది. జోయెల్ కూడా ఏరుతున్నాడేమో. అతను గోడమీది చీమను చూస్తూ, లయ తప్పకుండా, నిద్రపోతున్న మనిషిలా ఊపిరి తీస్తూ పడుకున్నాడు. నాలుగయ్యే దాకా అదే పని.

నాలుగింటికి తలకింద ఫోను మోగింది. డానియేలు ఒళ్ళు విరుచుకున్నాడు, ఆవులించాడు, కళ్ళు నులుముకుని లేచి కూర్చున్నాడు. ముగ్గురూ అతనివైపే చూస్తున్నారు. పళ్ళెం కనబడలేదు, ఎక్కడో దాచేశారు.

"పట్టిందా నిద్ర?" అంది సువార్త.

"మస్తు పట్టింది."

"పళ్ళెం సప్పుడు గూడ ఇనలేదా?" అనేశాడు జోయెల్. మున్నీ వాడి తొడ మీద ఒక్కటి వేసింది.

"ఏం పళ్ళెం బేటా?"

జోయెల్ తల్లివైపు తిరిగాడు. మోచేతి పైన ఎర్రగా కందింది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి, అయినా మొహం విప్పారింది. "చూసినవా మమ్మీ, లేవలే. నేను లేపలే," అన్నాడు. మున్నీ అప్పటికే సుద్దముక్క తీసుకుని తలుపు వెనక్కి పోయింది. సువార్త భర్త మొహంలోకి చూసింది, కళ్ళ కింద నల్లటి వలయాలను, ఎర్రటి జీరలను, కొంచెం ఎక్కువసేపే చూసింది. వాడి జుట్టు సవరించి, "మంచిగున్నరు ఇయ్యాల," అంది. "మంచిగ పండుకున్నడు మీ డాడీ. రేపు గూడ గిట్లనే ఉండాలె. బడి తెరిచే దాక గిట్లనే."

పిల్లలిద్దరూ తలలూపారు. డానియేలు కూడా ఊపాడు, ఇంకేం చెయ్యాలో తెలియక.

స్నానం, రెండు ముద్దలు, యూనిఫాం, బూట్లు. పావు తక్కువ ఐదుకు ఇనుప మెట్లు దిగి గల్లీ మలుపు దాకా పోయాడు. ఎండ ఇంకా గోడల మీద ఉంది. షేర్ ఆటో కోసం నిలబడ్డాక గుర్తొచ్చింది, ఆపా ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన నీళ్ళ సీసా గుమ్మం దగ్గరే వదిలేశాడు. వెనక్కి తిరిగాడు. ఇల్లు దగ్గరవుతుండగా పైనుంచి గోల వినబడింది, మొదట పక్కింటిది అనుకున్నాడు. మున్నీ అరుస్తోంది, నాదే ముందు, నాదే ముందు, అని. ఏదో దొర్లింది, ఎవరో దూకారు, సువార్త గట్టిగా ఏదో అంటూ నవ్వుతోంది, వీటన్నిటి మీద నుంచి ఇంకో నవ్వు, బొంగురుగా, మధ్యమధ్య కీచుమంటూ, ఊపిరందక తెగిపోయి మళ్ళీ అందుకుంటున్న నవ్వు. కొడుకు నవ్వు ఇట్లా ఉంటుందని అతనికి తెలియదు. తెలిసి మరిచిపోయాడేమో. తనూ నవ్వుతూనే, తొందరతొందరగా మెట్లెక్కాడు. నాలుగు మెట్లు, ఐదు, ఇనుప రేకు మీద బూట్లు దణ్‌దణ్‌మన్నాయి.

పైన అంతా ఒక్కసారి ఆగిపోయింది.

"డాడీ," అన్న గుసగుస. తర్వాత ఏమీ లేదు.

డానియేలు ఒక చెయ్యి రెయిలింగు మీద పెట్టి అట్లాగే నిలబడ్డాడు. సీసా ఇంకా ఆరు మెట్ల పైన ఉంది. నేనేరా, నీళ్ళకొచ్చిన, ఆడుకోండ్రి, అనొచ్చు. అనడానికి నోరు తెరిచాడు. ఆ తలుపు వెనక ముగ్గురూ ఊపిరి బిగబట్టుకుని ఉంటారు, అతను ఎట్లా ఊపిరి తీస్తున్నాడోనని వింటూ. వెనక్కి తిరిగి, మునివేళ్ళ మీద, బూటు అంచు రేకుకు తగలకుండా ఒక్కొక్క మెట్టూ దిగాడు. గుమ్మంలో బియ్యం ఏరుతున్న ఖదీజా ఆపా తలెత్తి, "క్యా హువా భాయ్, ఏమన్న మర్చిపోయినవా?" అంది. అతను వేలు పెదాల మీద పెట్టుకుని, ఏం లేదన్నట్టు తలాడించాడు.

మలుపు దగ్గర గోడనానుకుని నిలబడ్డాడు. మళ్ళీ మొదలవుతుందేమోనని విన్నాడు. చాంద్రాయణగుట్ట ఆటో ఒకటి వచ్చి, ఆగి, పోయింది. ఇంకొకటి వచ్చింది. "ఆవో భాయ్, ఒక్క సీటే ఉన్నది," అన్నాడు డ్రైవరు. పైన ఇంకా చప్పుడు లేదు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. అతను ఎక్కాడు.